మాట పోయినా పద్యం పోలేదు

మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. జాతరల కాలంలో పద్యనాటకాలు ఆడేవాడు. వయసులో ఉన్నప్పుడు రాణి వేషాలు కట్టేవాడట. గొంతు బరువెక్కాక రాజు వేషాలకు మారాడు. నేను చూసినవన్నీ రాజు వేషాలే. ఆలూరు వైపు పల్లెల్లో, దేవరగట్టు చుట్టుపక్కల, గూడూరులో ఆయన్ను పేరు కన్నా వేషంతోనే ఎక్కువగా గుర్తుపట్టేవారు.

పద్యనాటకం చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. అందులో కథ పద్యాల మీద నడుస్తుంది. నడుమ మాటలున్నా జనం వచ్చేది పద్యం కోసమే. నాలుగో పాదం అయిపోయినా నటుడు పద్యాన్ని వదలడు. చివరి అక్షరాన్ని పట్టుకుని రాగం తీస్తాడు. అది నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అప్పటికే ప్రాణం విడిచిన రాజైనా సరే, లేచి మళ్లీ పాడాల్సిందే.

ఈ ఆట మా వైపుకు ఎట్లా వచ్చిందో నాయన తనకు తెలిసినంత చెప్పేవాడు. ఎప్పుడో ధార్వాడ వైపు నుంచి నాటక కంపెనీలు డేరాలతో వచ్చి దిగేవట. ఆదోని పత్తి వ్యాపారులు వాళ్లకు వసతి ఇచ్చేవారట. హార్మోనియం కూడా వాళ్ల వెంబడే వచ్చిందని ఆయన నమ్మకం. మైకులు లేని ఆ కాలంలో చిట్టచివర కూర్చున్నవాడికి కూడా మాట అందేలా పాడగలిగినవాడే నటుడు. నాయన గురువు చేనికి అటు గట్టున ఒకరిని, ఇటు గట్టున ఒకరిని నిలబెట్టి పద్యం నేర్పేవాడట. అవతల గట్టున ఉన్నవాడికి అర్థం కాకపోతే మళ్లీ మొదటి నుంచి పాడాలి.

నేను ఆదోనిలో బడిలో లెక్కలు చెప్తాను. మా ఆయన ఊరూ అదే. ఒకరోజు పొద్దున అమ్మ ఫోన్ చేసింది. బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటుండగా నాయన చేతిలోంచి బజ్జీ జారిపోయిందట. తీసుకోబోయి తీసుకోలేకపోయాడట. ఏమైందని అడిగితే నోరు కదిలిందే గానీ మాట రాలేదట. ఆదోనికి, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయాం. పక్షవాతం అన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు. ఇంటికి వచ్చేనాటికి కుడికాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు. కుడిచెయ్యి సగం పని చేసేది. మాట మాత్రం ఒక్కటే మిగిలింది. అది "కాదు."

ఆకలి వేస్తోందా అంటే కాదు. వేయడం లేదా అన్నా కాదు. అవును అనవలసిన చోట కూడా ఆ మాటే వచ్చేది. తను అన్నది తనకే తప్పుగా వినబడి చేత్తో నుదురు కొట్టుకునేవాడు. కొన్నాళ్లకు అమ్మ ఆ ఒక్క మాటలోనే తేడాలు పట్టడం నేర్చుకుంది. పైకి లేచే కాదు వేరు, కిందికి దిగే కాదు వేరు. నాకు అంతగా తెలిసేది కాదు. శనివారాల్లో వెళ్లి కాసేపు పక్కన కూర్చుని వచ్చేదాన్ని.

నాటక సమాజంలో హార్మోనియం వాయించే ఆయన మా పుట్టింటి వీధిలోనే బట్టలు కుడతాడు. నాయనకు బావ వరస, నాకు మామ. మొదటిసారి చూడడానికి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో తోచక చేతులు కట్టుకుని కూర్చుని లేచిపోయాడు. రెండోసారి హార్మోనియం పట్టుకొచ్చాడు. మాటలాడే పని తప్పించుకోవడానికే తెచ్చానని తరవాత నాతో చెప్పాడు. పెట్టె తెరిచి, రాజు దర్బారులోకి వచ్చేటప్పుడు పాడే పద్యానికి శ్రుతి ఇచ్చాడు.

నాయన పాడాడు. మొదటి అక్షరం తడబడింది, అంతే. ఆపైన నాలుగు పాదాలూ వరసగా, ఒక్క అక్షరం మింగకుండా వచ్చాయి. చివర రాగం కూడా తీశాడు. ఊపిరి చాలక మునుపటి కన్నా చిన్నగా ముగించాడు. వాకిట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్లు లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీళ్లు తాగుతావా?" అని అడిగింది.

"కాదు," అన్నాడు నాయన. మరుక్షణం చెయ్యి చాపి చెంబు అందుకున్నాడు.

అందరం అప్పటిదాకా మాట తిరిగొచ్చిందనే అనుకున్నాం. రాలేదని అర్థమయ్యేసరికి వాకిట్లో ఆడవాళ్లు మెల్లగా పనికి మళ్లారు.

ఆదోనిలో మాట పోయినవాళ్లకు సాధన చేయించే డాక్టరమ్మ ఒకామె వారానికోసారి కూర్చుంటుంది. నాయనను తీసుకుపోయి జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. మనం మాట్లాడే మాట ఎక్కువగా మెదడులో ఎడమవైపు పని అనీ, పాటకు కుడివైపు నుంచి కూడా సాయం అందుతుందనీ చెప్పింది. ఈయనకు దెబ్బ తగిలింది ఎడమవైపు. కాబట్టి రోజూ అవసరమయ్యే చిన్న చిన్న మాటలకు వరస కట్టి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పాడించమంది. కొందరికి క్రమంగా వరస లేకుండానే మాట వస్తుందట, కొందరికి రాదట. ఏదీ గట్టిగా చెప్పలేనంది.

నాయన నటుడని తెలిశాక ఆమె ఇంకొంచెం సేపు మాట్లాడింది. ఇటలీ వైపు కూడా ఇట్లాంటి నాటకాలున్నాయట. వాటిని ఒపేరా అంటారు. కోపమైనా ప్రేమైనా చావైనా పాటలోనే చెప్తారు. వాళ్లూ మైకు లేకుండానే పెద్ద హాలంతా వినబడేలా పాడతారు. పొట్ట నుంచి ఊపిరి తీసి నిలిపే వాళ్ల సాధనను ఇప్పుడు కొన్ని దేశాల్లో ఆయాసం ఉన్నవాళ్ల చేత గుంపుగా చేయిస్తున్నారట. ఆమె ఫోన్లో ఒక పాట పెట్టింది. ఎవరో ఒకావిడ ఒంటరిగా పాడుతోంది. నాకు భాష తెలియలేదు, కీచుగా ఉందనిపించింది. నాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆవిడ పైస్థాయిలో ఒక స్వరాన్ని పట్టి చాలాసేపు నిలిపినప్పుడు ఆయన ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది. పాట అయిపోయాక ఆ ఫోను వైపు వేలు చూపించాడు. డాక్టరమ్మ మళ్లీ పెట్టింది.

మామ ఉత్సాహంగా పనిలో దిగాడు. "నీళ్లు కావల్ల" అన్నదానికి ముఖారి రాగంలో వరస కట్టి తెచ్చాడు. అది ఏడుపు ఘట్టాల్లో పాడే రాగం. అమ్మకు రాగం పేరు తెలియదు గానీ వినగానే ఒప్పుకోలేదు.

"నీళ్లడిగేదానికి గూడా ఏడ్సల్లనా?" అంది.

మామ దాన్ని మోహన రాగానికి మార్చాడు. కానీ నాయన పాడలేదు. మామ వాయిస్తాడు, నేను పాడతాను, ఆయన గోడ వైపు చూస్తాడు. పద్యానికి శ్రుతి ఇస్తే మాత్రం పాడతాడు. మూడు వారాలు ఇట్లాగే గడిచాయి. నాకు విసుగొచ్చింది. సంగతి మామకు ముందుగా అర్థమైంది. దర్బారులో నిలబడి పాడిన గొంతుతో ఉప్పు తక్కువైందనీ, దొడ్లోకి పోవాలనీ పాడమంటే ఆయనకు మనసు ఒప్పడం లేదు. అవమానంగా ఉంది. పాడతావా అని అడిగితే కాదు అన్నాడు. ఈసారి ఆ కాదుకు నిజంగానే కాదు అనే అర్థం.

అమ్మ పెళ్లయిన నాటి నుంచి నాయన పాట వింటూనే ఉంది, తను మాత్రం ఎప్పుడూ పాడలేదు. లాలిపాటలు కూడా మాకు మేనత్తే పాడేది. అట్లాంటిది ఒకరోజు మధ్యాహ్నం కంచం పెట్టి, మామ కట్టిన వరసలో, "అన్నం తింటావా, పప్పు ఏసేదా," అని పాడింది. నేను అక్కడే ఉన్నాను. ఒక్క స్వరం కూడా ఉండవలసిన చోట లేదు. నాయన మొహం చిట్లించాడు. అమ్మ మళ్లీ పాడింది, ఈసారి ఇంకా గట్టిగా.

నాయన ఎడమచెయ్యి ఎత్తి ఆపమన్నాడు. తొడ మీద తాళం వేస్తూ, "అన్నం తింటాను, పప్పు ఏయి," అని శుద్ధంగా మోహనలో పాడి చూపించాడు. పాడాక తనేం అన్నాడో తనకే తెలిసినట్టుంది. కంచం వైపు, అమ్మ వైపు చూశాడు. అమ్మ పప్పు వేసింది.

ఆ రోజు నుంచి అమ్మ అన్నీ పాడే అడిగేది. సరిగ్గా పాడడం ఆమెకు రాలేదు, నేర్చుకోవాలని ప్రయత్నించిందనీ చెప్పలేను. ఆయన దిద్దుతూ పోయాడు. కాఫీ, స్నానం, ఫ్యాను, చొక్కా గుండీ, ఒక్కొక్కటే ఆయన నోటికి వచ్చాయి.

సాయంత్రాలు వాకిట్లో కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా కూర్చోవడం మొదలుపెట్టారు. మామ హార్మోనియం వాయిస్తే నాయన ప్రార్థన పద్యం ఎత్తుకునేవాడు, మిగిలినవాళ్లు అందుకునేవారు. వాళ్లలో ఒకామె ఆదోని జిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లు పనిచేసింది. పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఆమెకు ఆయాసం పట్టుకుంది. పాడుతుంటే తగ్గిందా అని అడిగాను.

"దగ్గు యాడికి పోతాదిలేమ్మా," అంది. "మందు ఏసుకుంటానే ఉండా. కానీ ఒక పాదం ఒకే ఊపిరిలో లాగితే, ఇంకా నాలో గాలుందే అనిపిస్తాది."

ఈ మాట డాక్టరమ్మకు చెప్తే, మందు మాత్రం మాననివ్వొద్దని హెచ్చరించింది. పాట ఆపమని అనలేదు.

పోయిన జాతరకు మా సమాజం ఆలూరు దగ్గర పల్లెలో ఆడింది. రాజు వేషం ఇప్పుడు వేరే ఆయనది. నాటకం మొదలుకాక ముందు తెర వెనక నటులంతా కలిసి ప్రార్థన పాడతారు. మామ నాయనను వాళ్ల నడుమ కుర్చీలో కూర్చోబెట్టాడు. రంగు పూయలేదు, కిరీటం పెట్టలేదు. ఆయన తన తెల్ల పంచెలోనే పాడాడు. తెర ఇవతల ఉన్న నాకు ఆ గొంతుల్లో ఆయనది ఏదో విడిగా తెలియలేదు. అమ్మకు తెలిసిందట. నాయన నాటకాన్ని చివరిదాకా మేలుకునే చూశాడు.

తెల్లారినాక షేర్ ఆటోలో ముగ్గురం తిరుగుముఖం పట్టాం. దారి పొడవునా పత్తి చేలు. నాయన బయటికి చూస్తూ కూర్చున్నాడు. కొంతదూరం పోయాక మా వైపు తిరిగి, తాళం వేయకుండా, వరస ఏదీ లేకుండా, "ఆకలైతాంది," అన్నాడు.

అమ్మ నా మొహం చూసింది. ఆయన మాత్రం అందులో విశేషమేమీ లేనట్టు, మేము జవాబు చెప్పడం ఆలస్యమైనందుకు కొంచెం చిరాగ్గా చూశాడు. నేను డ్రైవరన్నను ఆపమన్నాను. రోడ్డు పక్క హోటల్లో దోసెలు తిన్నాం. ఇంకేమన్నా కావాలా అని అమ్మ మామూలుగానే అడిగింది. నాయన కాదు అన్నాడు. సర్వర్ ఆ మాట నమ్మి వెళ్లిపోతుంటే, అమ్మ వెనక్కి పిలిచి ఇంకో దోసె చెప్పింది.