నీళ్లకెంత, డ్రైనేజీకెంత, చెత్తకెంత?

వీరవెంకటసత్యనారాయణ గారికి ఒక్కటే జబ్బు. ఎవరు ఎదురుపడినా నీళ్లకెంత, డ్రైనేజీకెంత, చెత్తకెంత కడుతున్నారని అడగందే వదలరు. బాగున్నారా అనే ప్రశ్న ఆ మూడింటి తర్వాతే, అదీ తీరికుంటే. ఆయన ముప్పై ఏళ్లు ఒక మందుల కంపెనీ పర్చేజ్ సెక్షన్‌లో పనిచేశారు. మూడు కొటేషన్లు చేతికొస్తే గాని అక్కడ గుండుసూది కూడా కొనేవారు కాదట. ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు. ఇప్పుడు అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో కూర్చుని, ఊరందరి దగ్గరా కొటేషన్లు వసూలు చేసి ఎర్రట్ట పుస్తకంలో రాసుకుంటున్నారు.

ఒకసారి కళ్లద్దాలు తెచ్చుకోవడానికి పంజాగుట్ట వెళ్దామని మెట్రో ఎక్కారు. మాకు అది ఒక్క స్టేషను దూరమే. పక్క సీటాయనతో నీళ్ల దగ్గర మొదలుపెట్టి చెత్త దాకా వచ్చేసరికి ఖైరతాబాద్ వచ్చేసింది. దిగి వెనక్కి బండెక్కారు. ఈసారి ఎవరో లెక్చరర్ దొరికాడు. ఇద్దరూ మా అమీర్‌పేట కూడా దాటి ఎస్.ఆర్. నగర్‌లో తేలారు. మర్నాడు వాళ్లావిడ హైమవతి గారే వెళ్లి కళ్లద్దాలు తెచ్చారు.

"షాపులో ఉండగానే ఫోనండీ! అద్దాలు సరిగ్గా ఉన్నాయా అని కాదు, ఆ షాపుకి నీళ్లకెంతో కనుక్కోమని!" అని ఆవిడ మా ఆవిడ దగ్గర వాపోయారు.

మా చెల్లెలు మంజూష పెళ్లిచూపులకి ఆయన్ని పెద్దమనిషిగా కూర్చోబెట్టడం నా బుద్ధితక్కువ. అందరూ అబ్బాయి ఉద్యోగం గురించి మాట్లాడుతుంటే ఆయన అబ్బాయి తండ్రి వైపు వంగారు.

"మీరుండేది యూసుఫ్‌గూడలో కదూ. చెత్తకెంతండీ?"

"యాభై అండీ."

"మాకు వంద!" అని ఆయన ఆ పెద్దాయన చెయ్యి పట్టేసుకుని నా వైపు తిరిగారు. "తారక్ బాబూ, మరి ఆలోచించకండి, ఖాయం చేసేయండి! అమ్మాయికి నెలకి యాభై మిగులు!"

ఆ సంబంధమే ఖాయమైంది. అది తన కొటేషన్ చలవేనని ఆయన ఇప్పటికీ నమ్ముతారు.

మా అపార్ట్‌మెంటుకి సెక్రటరీని నేనే. మొదట్లో నీళ్ల బిల్లు మొత్తాన్ని పన్నెండు ఫ్లాట్లకీ సమానంగా పంచేవాళ్లం. అలా కుదరదు, ఫ్లాటుకో మీటరు పెట్టాల్సిందేనని పోయినేడు ఆయన పట్టుపట్టారు. ఖర్చు వినగానే మూడో అంతస్తు బుచ్చయ్య గారికి ఒళ్లు మండింది.

"ఎవలెన్ని చెంబులు పోస్కుంటున్నరో సుత రాస్కుంటవా అన్నా?"

"రాసుకుంటానండీ. ఎవరి వాడకం వాళ్ల లెక్కలోనే పడాలి."

మూడు నెలలు ప్రాణాలు తోడేశారు. ఇక పడలేక మీటర్లు పెట్టించాం. మొదటి నెల రీడింగు తీసి నేను కళ్లు నులుముకున్నాను. ఇద్దరే మనుషులున్న సత్యనారాయణ గారి ఫ్లాటు, ఆరుగురున్న బుచ్చయ్య గారి ఫ్లాటుని దాటి మొదటి స్థానంలో ఉంది. బుచ్చయ్య గారు ఇంటింటికీ లడ్డూలు పంచారు. లిఫ్టులో, మెట్ల మీద, పాలప్యాకెట్ల దగ్గర ఎక్కడ కనిపించినా అందరూ ఆయన్ని ఒకటే అడిగారు. "నీళ్లకెంతండీ?"

"ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి కదూ" అని ఆయన ఆకాశం వైపు చూసేవారు.

పైపు ఎక్కడైనా కారుతోందేమోనని ప్లంబరు పెంటయ్యని పిలిపించాను. చుక్క కూడా కారడం లేదన్నాడు. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. ఈలోగా ఎండలు ముదిరి టాంకర్లు తెప్పించాల్సి వచ్చింది. బుచ్చయ్య గారు ఆదివారం మీటింగు పెట్టమన్నారు.

"గా ఫ్లాటుకు వాల్వ్ బిగియ్యాలె. దినానికి గింతే అనాలె!"

శనివారం పొద్దున్నే మీటరు మరోసారి చూద్దామని కిందికి దిగాను. చెత్త ఆటో ఆగి ఉంది. మొగిలయ్య చెత్త ఎత్తుతున్నాడు. అతని భార్య మంగవ్వ పక్కన నాలుగు నీలం క్యాన్లు పెట్టుకుని నిలబడింది. సత్యనారాయణ గారి వంటింటి కిటికీలోంచి వేలాడుతున్న పైపు వాటిలోకి ధారగా పోస్తోంది.

నన్ను చూసి మంగవ్వ భయపడింది. "సత్యనారాయణ సార్ తప్పు లేదు సార్. మేం ఈడికి వచ్చిన కొత్తల అందర్ని అడిగినట్టే నన్ను సుత అడిగిండు, నీళ్లకెంత మంగవ్వా అని. మా గల్లీల నల్లా ఏడిది సార్? డ్రమ్ముకు ఎనభై పెట్టి కొంటమని చెప్పిన. చెత్తకెంత అని ఇగ అడగనే లేదు, పోయి పైపు తెచ్చిండు. రేపు వాల్వ్ బిగిస్తే మల్ల డ్రమ్మే మాకు."

ఇంతలో ఆయన పంచె సర్దుకుంటూ కిందికి వచ్చారు.

"పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ రేటు ఈమెదే తారక్ బాబూ. మన చెత్త ఎత్తే మనిషి మనకంటే ఖరీదు నీళ్లు తాగుతోంది. ఏ కంపెనీలోనూ ఇలాంటి స్టేట్‌మెంట్ పాసవదు."

"మరి మీటర్ల గొడవ ఎందుకు పెట్టారు?"

"మీటరు లేనప్పుడు ఈ నీళ్లు మీ అందరి వాటాలోనూ పడేవి. ఇచ్చేది నేనూ, కట్టేది మీరూనా? తప్పు కదూ! మీటింగులో మాత్రం చెప్పకండి. బయటివాళ్లకి నీళ్లివ్వకూడదని రూలుంది."

ఆ రూలు రాసింది నేనే. నాకు సిగ్గేసింది.

ఆదివారం బుచ్చయ్య గారు కొత్త వాల్వు చేతిలో పట్టుకునే మీటింగుకి వచ్చారు. సత్యనారాయణ గారు తలవంచుకుని కూర్చున్నారు. నాకు నోరాగలేదు. అంతా చెప్పేశాను.

బుచ్చయ్య గారు వాల్వుని కుర్చీ కింద పెట్టేశారు. "మీటర్లు పెట్టేదాక మస్తు సతాయించినవ్. గీ ముచ్చట చెప్పనీకి నోరు రాలేదా అన్నా?"

"రూలుందండీ."

"తారక్, గా రూలు కొట్టెయ్. రేపటి సంది నా కిటికీలకెళ్లి సుత పైపు ఇడుస్త."

"వద్దండీ, మీ మీటరు తిరుగుతుంది!"

"తిరగనీ!"

ఇప్పుడు పొద్దున్నే మా అపార్ట్‌మెంటుకి ఐదు పైపులు వేలాడుతుంటాయి. మంగవ్వ గల్లీవాళ్ల క్యాన్లు కూడా ఆటోలో వస్తున్నాయి. నిన్న నెల రీడింగు తీస్తే బుచ్చయ్య గారు మొదటి స్థానం కొట్టేశారు, సత్యనారాయణ గారు మూడో స్థానానికి దిగారు. సాయంత్రం ఆయన ఎర్రట్ట పుస్తకంతో మా ఇంటికి వచ్చి దిగాలుగా కూర్చున్నారు.

"తారక్ బాబూ, రోజుకి ఎన్ని క్యాన్లు నింపుతున్నారు మీరు?"

"నాలుగండీ."

"బుచ్చయ్య గారు ఎనిమిదటండీ!" అని పుస్తకంలో చెత్త పక్కన క్యాన్లకని కొత్త గీత గీసి రెండు అంకెలూ వేసుకున్నారు. తర్వాత లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"ఇప్పుడెక్కడికండీ?"

"పక్క అపార్ట్‌మెంటుకి. మూడో కొటేషన్ కావాలి కదా!"