మెంతుల మంత్రగత్తె

మిషిగన్‌లో మేమున్న వీధిలో అక్టోబరు వచ్చిందంటే హాలోవీన్ పండక్కని ఇంటికో దయ్యం లేచేది. అన్నీ షాపులో కొన్నవే. ప్లగ్గు పెడితే గాలి పోసుకుని నిలబడతాయి, తీసేస్తే పెళ్లి భోజనం చేసిన బంధువుల్లా గడ్డి మీద వాలిపోతాయి. నాకవి నచ్చలేదు. దయ్యమన్నాక చేత్తో చెయ్యాలి.

నాకు తెలిసిన చేతిపని ఒక్కటే. చిన్నప్పుడు మా అమ్మమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జు వెదురు చాటలకు పట్టించేది. ఎండాక చాట రాయిలా గట్టిపడేది. ఒకసారి అది చెయ్యి జారి పడితే గచ్చు పగిలింది. చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు కాబట్టి మీరు నన్ను నమ్మక తప్పదు.

వద్దన్నా ఇంటికొచ్చి పడే ప్రకటనల కాగితాలన్నీ బకెట్లో నానబెట్టాను. మెంతులు వేసి మిక్సీలో తిప్పాను. మిక్సీ మా ఆవిడది కాబట్టి ఆవిడ ఆఫీసుకి వెళ్లిన రోజే తిప్పాను. స్టీలు బిందె బోర్లించి, నూనె రాసి, మంత్రగత్తె తలకాయ కోసం నేనూ మా అమ్మాయీ దాని మీద గుజ్జు అద్దాం. అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. ఎండలేని ఊరు కదా, హీటరు గాలి వచ్చే జాలీ పక్కన ఆరబెట్టాం. ఇల్లంతా మెంతికూర పప్పు వాసన. తెల్లారేసరికి ముక్కు జారి గడ్డం దాకా వచ్చింది. మంత్రగత్తెకి అదే అందమని వదిలేశాను. కొబ్బరిపీచు జుట్టయింది, ఎండుమిరపకాయలు గోళ్లయ్యాయి. పళ్ల కోసం వెల్లుల్లి రెబ్బలు ఒక్కొక్కటే అమ్మాయి గుచ్చింది. మంచు తోసే పారకి మా ఆవిడ పాత నల్ల నైటీ తొడిగి, చేతుల చివర గోళ్లు కుట్టి, పైన తలకాయ పెట్టి, వీధి గుమ్మం పక్కనే నిలబెట్టాం.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? పండగ ముందు రోజు సాయంత్రం అమ్మాయిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి మంత్రగత్తె చరిత్ర చెప్పాను. ఆవిడది మనూరే. గోదావరిలో మునిగి ఇక్కడి హ్యూరన్ సరస్సులో తేలింది. కూరగాయలు సయించవు. పెరుగన్నం పారేసే పిల్లలంటే మహా ప్రీతి. హాలోవీన్ సాయంత్రం వాళ్లని వాసన పట్టి, గుమ్మం దాటగానే గబుక్కున... అంటూ మిరపకాయ గోళ్లు ఆడించాను. అమ్మాయి నవ్వలేదు.

కిందటేడు ఆ రోజున అమ్మాయికి జ్వరం. వీధి పిల్లలందరూ ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు తెచ్చుకుంటుంటే కిటికీలోంచి చూసింది. అందుకే ఈ ఏడాది సీతాకోకచిలుక రెక్కలు నెల ముందే కొనిపించుకుంది. ఆ సాయంత్రం చలికోటు మీద రెక్కలు తగిలించుకుని, చాక్లెట్ల బకెట్టు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. బయట స్నేహితులు పిలుస్తున్నారు.

"నేను రాను."

"ఏమైందే?" అంది మా ఆవిడ.

అమ్మాయి బావురుమంది. "నిన్న పెరుగన్నం స్కూల్లో ట్రాష్‌లో వేసేశాను. షీ నోస్!"

మా ఆవిడ నా వంక తిరిగింది. "ఏం చెప్పారు దీనికి?"

చెప్పింది చెప్పాను. సరస్సు సంగతి దాటేశాను.

"బాగుంది సంబడం. ఇప్పుడు మీరే సముదాయించండి."

అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "అది ఉత్త కాగితం రా. పళ్లు గుచ్చింది నువ్వే కదా?"

"అప్పుడు హర్ట్ అయ్యింది దానికి. సో షీ ఈజ్ మ్యాడ్ ఎట్ మీ."

"పోనీ, తీసి గరాజ్‌లో పెట్టేస్తా."

"నో! గరాజ్‌లో ఉంటే నాకు కనపడదు. దానికి నేను కనపడతా."

బయట పిల్లలు ఇంకోసారి బెల్లు కొట్టి, పక్కింటి వైపు కదిలారు.

మా ఆవిడ లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, తలుపు బార్లా తీసింది.

"అదేమిటి వదినగారూ, వాకిట్లోనే నిలబడిపోయారు! ఈయన లోపలికి రమ్మనలేదా? ఈయన సంగతి తెలిసిందే కదా." కాగితపు నుదుట బొట్టు పెట్టింది. "మోకాళ్లెలా ఉన్నాయి? ఈ చలికి పట్టేస్తుంటాయి. ఏం తీసుకుంటారు?" అంటూ ఆ జారిన ముక్కు దగ్గర చెవి పెట్టింది. "అయ్యో, నా మతి మండ! మర్చేపోయాను."

అమ్మాయి నా వెనక నుంచి తొంగి చూసింది. "ఏమంది?"

"ఇవాళ శనివారం కదా. ఆంటీ కూడా నాలాగే, నీచు ముట్టదట. పొద్దుటినుంచీ ఉత్త పాలూ పళ్లూ."

శనివారమంటే ఏమిటో అమ్మాయికి బాగా తెలుసు. ఎంతమంది బతిమాలినా పుట్టినరోజు కేకు ముక్కని కూడా, అందులో గుడ్డుంటుందని వాళ్లమ్మ ముట్టకపోవడం చూసింది.

"కిడ్స్ కూడా నాన్‌వెజ్జేనా?"

"కాకపోతే? నువ్వేమైనా వంకాయవా? ఆంటీకి నమస్తే చెప్పు."

"నమస్తే ఆంటీ." ఒక క్షణం ఆగి, "పాట పాడమంటుందా?"

"అనదులే, వెళ్లు!"

అమ్మాయి గుమ్మం దాటింది. రెక్కలు తలుపుకి తగిలి ఒకటి వంగింది. చూసుకోకుండానే పరుగెత్తి పక్కింటి మెట్ల మీద స్నేహితుల్ని కలుసుకుంది. నేను వదిలిన ఊపిరికి వీధిలోని గాలి దయ్యాలన్నీ ఒక్కసారి వెనక్కి ఒరిగాయి. వీధి వీధంతా అమ్మాయి వెనకే తిరిగాను. బకెట్టు మోశాను, ముక్కు తుడిచాను, వంగిన రెక్క సర్దాను. అంత చలిలోనూ ఒంట్లో ఎంత హాయిగా ఉందో! వేళ్లు కొంకర్లు పోతున్నా చేతితొడుగుల సంగతే గుర్తు రాలేదు.

తిరిగొచ్చి మా మెట్లెక్కుతుండగా అమ్మాయి నడక నెమ్మదించింది.

"నాన్నా, టుమారో సండే కదా?"

నా నోట్లో మూడు కథలు తయారుగా ఉన్నాయి. తలుపు తీసిన మా ఆవిడ నన్ను నోరు విప్పనివ్వలేదు.

"ఆంటీకి పొద్దున్నే ఫ్లైట్. నాన్న దింపొస్తారు."

"ప్రామిస్?" అమ్మాయి అడిగింది వాళ్లమ్మని. నన్ను కాదు.

"ప్రామిస్."

"హ్యాపీ జర్నీ ఆంటీ!" అనేసి లోపలికి పోయి, చాక్లెట్లన్నీ కార్పెట్ మీద కుమ్మరించుకుంది.

మర్నాడు పొద్దున వదినగారిని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, నైటీ నలగకుండా సీటు బెల్టు పెట్టాను. కారు వెనక్కి తీస్తుంటే అమ్మాయి కిటికీలోంచి చెయ్యూపింది, బుగ్గలో చాక్లెట్టుతో.