నేను ఎగరని బెంచీ

హోసూరు కట్టెల డిపోలో అప్పుడే కోసిన పనస చెక్క వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా ఊరు తళిలో మా నాయన, పనస మాను కొట్టిన వారానికే దాంతో నాకొక బెంచీ చేశాడు. ఎండాకాలానికి అది మెలితిరిగి ఒక కాలు పైకి లేచింది.

"ఎక్కి ఎగిరినావు గదమ్మా, అందుకే ఇట్లయింది!"

"నేను ఎగరలేదు నాయనా!"

ఎవరూ నమ్మలేదు. చివరికి నాకే అనుమానమొచ్చి, దానిమీద పుస్తకం కూడా మెల్లగా పెట్టేదాన్ని.

మరుసటేడు నాయన కొత్త చెక్కలు కోయించి అటకమీద పేర్చాడు. ఎందుకని అడిగితే, "పచ్చి చెక్క మెలి తిరుగుతాదమ్మా, రెండేండ్లు ఆరాల" అని నాకే పాఠం చెప్పాడు!

ఆ చెక్కలు ఆరినాక నాయన చేసిన రెండో బెంచీ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పిల్లలు ఎక్కి ఎగిరితే నేను ఆపను. ఇన్నేళ్ళయినా దాని కాలు లేవలేదు.