మస్తాన్‌బీ పేరు రాసిన చెయ్యి

రేషన్ దుకాణంలో వేలిముద్రలు తీసుకునే ఆ చిన్న మిషను అద్దం ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. బొటనవేలు పెడతాను. ఎర్రలైటు వెలిగి కీచుమంటుంది. చూపుడువేలు పెడతాను. మళ్ళీ అదే చప్పుడు. పోయిన నెల తెనాలిలో మా వీధి డీలరు, కొత్తగా వచ్చినాయన, నా చెయ్యి వెల్లకిలా తిప్పి చూసి, "ఏం పని చేసేవారు పిన్నిగారూ, గీతలే లేవు?" అన్నాడు. "జీడిపప్పు పనండి," అన్నాను. "పప్పు తినేవాళ్ళకే తెలీదు ఈ సంగతి," అని నవ్వి, కంటిపాప ఫోటో తీసే మిషను తెచ్చి నా కంటి ముందు పెట్టాడు. బియ్యం మోసుకుని ఇంటికి వస్తుంటే దారంతా మస్తాన్‌బీ గుర్తొచ్చింది. ఆవిడ వేళ్ళు కూడా ఇలాగే నున్నగా ఉండేవి. ఈ గీతలు పోవడం వల్లే నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పింది ఆవిడే. ఆ అక్షరాలతో నేను చేసిన ఒక పని గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేం బాపట్లలో ఉండేవాళ్ళం. నా భర్త పోయాక చిన్నపిల్లను పెట్టుకుని అత్తగారింట్లోనే, తోడికోడలి పక్క గదిలో ఉంటూ పనికి వెళ్ళేదాన్ని. వేటపాలెం దగ్గర ఒక జీడిపప్పు షెడ్డుకు బాపట్ల నుంచి పదిహేను మంది ఆడవాళ్ళం పొద్దున పాసింజరు రైల్లో పోయేవాళ్ళం. మొదటి ఆరేళ్ళు నేను గింజలు కొట్టాను. ఆ పెంకులోంచి కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా ఆగదు. తరువాత నన్ను పొట్టు తీసే వరసలోకి మార్చారు. ఆ వరసకు పెద్ద మస్తాన్‌బీ. అప్పటికే యాభై దాటిన సన్నటి మనిషి. తల మీంచి కొంగు జారనిచ్చేది కాదు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది.

పొట్టు తీయడమంటే చిన్న కత్తి మొనతో పప్పు మీది ఎర్రటి పొరను గీకి తీసేయడం. పప్పు గుండుగా బయటకు రావాలి. చెయ్యి కొంచెం గట్టిగా నొక్కిందా, రెండు బద్దలవుతుంది. నేను ఆ వరసలో చేరిన మొదటి వారంలోనే ఒకరోజు నా చేటలో సగానికి సగం బద్దలు పడ్డాయి. మస్తాన్‌బీ వచ్చి నా ఎదురుగా గొంతుకూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"ఎవరి మీదే?" అంది.

"ఏంటక్కా?"

"ఈ పప్పు నీకేం చేసింది? ఎవరి మీద కోపమే అంటున్నా."

చెప్పకుండా ఉండలేకపోయాను. ముందురోజు మా తోడికోడలు నా కూతురి కంచంలోంచి గుడ్డు తీసి తన కొడుక్కి వేసింది. అది విని పక్కనున్న నాగమణి, "ఇంకా నయం, గుడ్డు పోయిందని ఒక మణుగు పప్పు చీల్చింది. కోడి పోతే షెడ్డు కూల్చేసేది," అంది. వరసంతా నవ్వింది. మస్తాన్‌బీ మాత్రం నవ్వలేదు. నా చేట తన ముందుకు లాక్కుని, "లే. పోయి చీపురు పట్టుకో. చెయ్యి చల్లారాక వచ్చి కూచో," అంది.

సాయంత్రం రైల్లో నా పక్కన చేరి మెల్లగా అడిగింది. "గుడ్డు తీసుకున్నందుకా నీ కోపం, అప్పుడే అడగలేకపోయినందుకా?"

చీరాల దాటేదాకా ఆలోచించాను. "అడగలేకపోయినందుకే అక్కా."

"అయితే ఇవాళ అడుగు. అరవకు. ఎందుకు తీశావని మాత్రం అడుగు."

అడిగాను. పిల్లవాడికి సందె చీకటి పడితే కళ్ళు కనిపించడం లేదనీ, డాక్టరు గుడ్డు పెట్టమన్నాడనీ, ఆ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాననీ చెప్పి మా తోడికోడలు ఏడ్చింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆవిడా నేనూ ఒకే పొయ్యి మీద వండుకోగలిగామంటే మస్తాన్‌బీ రైల్లో అడిగిన ఆ మాట వల్లే. మా వరసలో ప్రతి మనిషి చేతినీ ఆవిడ అలాగే చూసేది. బద్దలు ఎక్కువ పడిన చోటుకు పోయి కూర్చునేది. పప్పు ఎందుకు విరిచావని ఎవరినీ ఏనాడూ అడగలేదు.

బ్యాంకులో ఖాతా తెరవమన్నారు షెడ్డువాళ్ళు. సిరా పూసి ఎంత నొక్కినా నా వేలు కాగితం మీద ఒక నల్ల మచ్చ తప్ప ఏమీ వేయలేదు. "సంతకం చెయ్యడం రాదా అమ్మా?" అన్నాడు గుమస్తా, అందరికీ వినపడేలాగా. మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మస్తాన్‌బీ నేల మీద రాలిన ఎర్రటి పొట్టును అరచేత్తో చదును చేసి, నా వేలు పట్టుకుని అందులో 'సు' అని రాయించింది. ఆవిడ చదివింది అయిదో తరగతి.

"కలెక్టరు అయిపోతావేంటే సుబ్బులూ?" అంది నాగమణి.

"అయితే ముందు నీ రేషన్ కార్డే పీకిస్తా," అన్నాను.

"తప్పు రాస్తే భయపడకు," అనేది మస్తాన్‌బీ. "చేత్తో తుడిచెయ్. పొట్టే కదా." ఏడాదిన్నర తిరిగేసరికి రైలు కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుతున్నాను. ఒకరోజు బాపట్ల బోర్డు చదివి గబుక్కున ఏడుపొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఉన్న ఊరి పేరు అప్పుడే మొదటిసారి విన్నట్టనిపించింది.

తరువాత కొన్నాళ్ళకు మా వరసకు రాయడం వచ్చిన మేస్త్రి కావాలన్నారు ఓనరుగారు. ముందు మస్తాన్‌బీనే అడిగారు. "పని నేర్పమంటే నేర్పుతానండి. పేర్లు రాసే పని నాకొద్దు. సుబ్బులు రాస్తుంది," అంది. ఆ మాట అర్థం ఏమిటో నేను అడగలేదు. మేస్త్రినయ్యానన్న సంతోషంలో ఉన్నాను. మా కూతుర్ని ఇంటర్‌లో చేర్పించగలిగాను. అందరూ తలో బల్ల మీద కూర్చుంటే నాకొక కుర్చీ వేశారు.

రెండేళ్ళకు పొట్టు తీసే మిషను వచ్చింది. "పన్నెండు మందిని ఆపేద్దాం. బద్దలు ఎక్కువ చేసేవాళ్ళ పేర్లు నువ్వే రాసివ్వమ్మా," అన్నారు ఓనరుగారు. రెండు వారాలపాటు ఒక్కొక్క చేట తూచాను. ఎప్పుడూ బద్ద పడని మస్తాన్‌బీ చేటలో అందరికన్నా ఎక్కువ బద్దలున్నాయి. వయసు మీద పడిందనుకున్నాను. చూపు తగ్గిందనుకున్నాను. ఆవిడ పేరు వదిలేస్తే, అక్షరాలు నేర్పింది కదా అని దాచిందంటారని భయపడ్డాను. రోజూ రైల్లో ఆవిడ పక్కనే కూర్చుని వెళ్ళేదాన్ని. ఏమైందక్కా అని ఒక్క మాట అడిగితే చెప్పేది. అడగలేదు. కాగితం మీద మూడో పేరుగా ఆవిడ పేరు రాశాను. నిజాయితీగా పని చేశాననుకున్నాను.

ఆ కాగితాన్ని షెడ్డు తలుపుకు అంటించారు. మస్తాన్‌బీ దగ్గరగా నిలబడి చదివింది. నా వైపు చూసింది. తన కత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మొన మొద్దుబారింది. సాన పట్టించు," అని వెళ్ళిపోయింది.

మర్నాడు రైల్లో నాగమణి నా మొహం చూడకుండా అంది. "జరీనాకి రెండు కిడ్నీలూ పోయి రెండు నెల్లుగా పుట్టింట్లోనే ఉంది. నీకు తెలీదా? రోజూ పక్కనే కూచుంటావుగా?" జరీనా మస్తాన్‌బీకి ఒక్కతే కూతురు. రైలు దిగగానే ఓనరుగారి దగ్గరకు పరుగెత్తి, ఆ పేరు తీసేయమని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. "తీసేస్తాను. పన్నెండు మంది కావాలి. ఆ చోట ఎవరి పేరు రాస్తావో రాయి," అని కలం ఇచ్చారు. మనసులో వరసంతా చూసుకుంటూ వచ్చాను. ప్రతి మనిషికీ ఒక ఇల్లుంది. చివరికి నా పేరు తట్టింది. అది రాయడం నాకు వచ్చు, అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది అదే. కలం అక్కడ పెట్టేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

మూడు వారాలకు జరీనా పోయింది. చూడటానికి వెళ్ళి వాళ్ళ సందు మొదట్లో కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. మస్తాన్‌బీ ఇల్లు ఖాళీ చేసి రేపల్లెలో తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోయిందని తరువాత తెలిసింది. కొన్నేళ్ళకు నేనూ ఆ పని మానేసి, తెనాలిలో కూతురి దగ్గరకు వచ్చి ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను.

నిరుడు ఆ హాస్టలుకు ఒక సారు వచ్చి పిల్లలకు క్లాసు చెప్పారు. తన మనసూ ఎదుటివాళ్ళ మనసూ తెలిసినవాళ్ళు పడినా త్వరగా లేస్తారట, పగ పెట్టుకోరట, జీవితంలో పైకి వస్తారట. పిల్లలు రాసుకుంటున్నారు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆయన చెప్పిన మనిషిని నేను చూశాను. ఆవిడ ఎక్కడికీ పైకి రాలేదు. కుర్చీ వచ్చింది నాకు. పక్కన కూర్చున్న మనిషి మొహం కూడా చూడని నాకు. సారును అడుగుదామనుకున్నాను కానీ ఏమని అడగాలో తెలియలేదు. ఆ ఆదివారం రేపల్లె రైలెక్కాను.

మస్తాన్‌బీ తమ్ముడి ఇంటి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. మంచినీళ్ళు తెప్పించింది. "పిల్ల ఏం చేస్తోంది? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయే?" అని అడిగింది. నేను నోరు తెరవబోతే, "చెప్పొద్దులే. నీ మొహం చూస్తే తెలుస్తోంది," అంది.

"నీ పేరు తీసి నా పేరు రాసుండొచ్చక్కా అప్పుడు. తట్టింది కూడా. రాయలేదు."

చింతపండు మీద ఆవిడ చెయ్యి ఆగింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. "అప్పుడు పిల్ల చదువుకుంటోందిగా నీకు," అంది. తరువాత, "నీ మీద నాకు కోపం లేదే సుబ్బులూ. జరీనా చనిపోయిన నలభయ్యో రోజుకే ఆ కోపం పోయింది. దువా చేసేటప్పుడు నీ పేరు కూడా తలుచుకుంటా," అంది.

ఎన్నేళ్ళ నుంచో పట్టుకున్నదేదో వదిలినట్టు ఏడ్చాను. "అయితే ప్రతి ఆదివారం వస్తానక్కా. వంట చేసి పెడతాను."

"వద్దు."

"కోపం లేదన్నావుగా?"

"లేదు. నువ్వు గుమ్మంలో కనపడగానే మందుల చీటీ పట్టుకుని తిరిగిన ఆ మూడు వారాలూ వచ్చి నా ముందు కూచున్నాయి. కోపమైతే దించుకోగలిగా. ఇది నా వల్ల కావట్లా. నిన్ను క్షమించలేదనుకోకు. క్షమించా. కానీ రావద్దు."

"నేనేం చెయ్యనక్కా మరి?"

"ఏం చెయ్యకు. బాగుండు. అక్కడ."

మరదలు తెచ్చిన టీ తాగించి, గేటు దాకా వచ్చి పంపింది.

మళ్ళీ వెళ్ళలేదు. ఆదివారాలు నాకు సెలవు. ఇంటి నుంచి స్టేషనుకు నడిస్తే పది నిమిషాలు. ఆవిడకు ఎలా ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ మనసెరిగి నడుచుకున్నది నా మొత్తం జీవితంలో ఇదొక్కటే. దీనివల్ల ఆవిడకు కాస్త నెమ్మది దొరుకుతుందని అనుకుంటాను. నాకు దొరకలేదు. దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. మా హాస్టల్లో ఇద్దరు పిల్లలది రేపల్లె. సెలవులకు వెళ్తూ, "మా ఊర్నించి ఏమన్నా కావాలా పిన్నీ? ఎవరికన్నా ఏమన్నా చెప్పాలా?" అని అడుగుతారు.

"ఏం లేదమ్మా. మీరు జాగ్రత్తగా వెళ్ళి రండి," అంటాను.