ఇల్లు అదిరే వేళ

కవిత్వం మొదలుపెట్టిన కొత్తలో నాకు వెన్నెల తప్ప ఏదీ కనబడేది కాదు. మంథనిలో పుట్టి, గోదావరిఖనికి కోడలిగా వచ్చి, పొద్దస్తమానం కిటికీల మీది బొగ్గు దుమ్ము తుడుస్తూ కూడా వెన్నెల మీదే రాసేదాన్ని. ఏం చేస్తాం, మొదట్లో అందరికీ అదే జబ్బు!

అలాంటి నన్ను పట్టుకుని మామయ్య ఒకరోజు, "బిడ్డా, నువ్వు కవితలు రాస్తవట గదా. నా రిటైర్మెంటు ఫంక్షన్ల ఒకటి సదువు. మా షిఫ్టోళ్లందరు వస్తరు" అన్నాడు. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది బండను మందు పెట్టి పేల్చే పని ఆయనది. తోటివాళ్ల ముందు ఆయన పరువు తీస్తానేమోనని నా గుండెల్లో రాయి పడింది.

'నల్ల బంగారం' అని మొదలుపెట్టి కొట్టేశాను. 'చీకటిలో సూర్యుడు' అన్నాను. ఓపెన్‌కాస్టులో చీకటెక్కడిది, మనుషులు ఎండకు మాడిపోతుంటే!

ఆ నెలలోనే కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, రామగుండం స్టేషను వైపు కట్టుకున్న సొంతింటికి మారాం. మామయ్య చివరి డ్యూటీలకు అక్కడినుంచే వెళ్తున్నాడు.

క్వార్టర్లో ఉన్నప్పుడు మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ఇల్లంతా అదిరేది. ఆ వేళకు అత్తమ్మ ఏ పనిలో ఉన్నా లేచి గిన్నెల స్టాండు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లందరికీ ఆ అలవాటుంది. మాట ఆపకుండానే చెయ్యి స్టాండు మీదికి పోయేది. గిన్నెల గలగల ఆగాక మళ్లీ పనిలో పడేవాళ్లు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను గానీ పట్టించుకుంటే గదా.

కొత్త ఇంట్లో ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు తుంచుతున్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూనే అత్తమ్మ లేచి స్టాండు మీద చెయ్యి పెట్టింది. అలాగే నిలబడింది. ఏమీ కదల్లేదు. ఆమె మొహం మారిపోయింది.

"ఇంక పేల్చలేదేంది?" అంది. అంతలోనే గుర్తొచ్చి నవ్వింది. "నా పాడుగాను! గింత దూరం ఎట్లొస్తది అదురుడు?"

"గిన్నెలు పడతాయని అలవాటు కదా అత్తమ్మా" అన్నాను.

"గిన్నెలదేముంది బిడ్డా, పడితె సొట్టపోతయి, గంతే. మీ మామ అందర్ని దూరం పంపినంక తనే మీట నొక్కుతడు. ఇల్లు అదిరిందంటె పానంతోని ఉన్నడన్నట్టు. అప్పుడు ఎసరు పెడుతుంటి. ఇక్కడ ఏం తెలుస్తలేదు. ఆయన గురించి ఫికరైతది."

ఇన్నేళ్లుగా ఈవిడ మొగుడి క్షేమం అరచేత్తో తెలుసుకుని అన్నం వండిందా! ఎవరికీ చెప్పుకోలేదు, అందులో గొప్పేముందన్నట్టే ఉంది. ఎంత పెద్ద మనసమ్మా నీది అనుకున్నాను. కాయలు అక్కడే వదిలేసి రాయడానికి కూర్చున్నాను. "ఇగ కూరెవలు చేస్తరే?" అని అత్తమ్మ అరుస్తూనే ఉంది.

ఫంక్షను కొత్త ఇంటి ముందే, షామియానా కింద జరిగింది. లేచి చదివాను. గిన్నెల స్టాండు, దాని మీద చెయ్యి, ఆ చెయ్యి ఎదురుచూసే అదురు, అంతే కవిత. ఈ సంగతి మామయ్యకు కూడా తెలియదట. మెడలో దండలతో తల వంచుకుని కూర్చున్నాడు. బాగుందని ఒక్క మాటా అనలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు అత్తమ్మ మళ్లీ లేచింది. స్టాండు మీద చెయ్యి ఆనించి నిలబడింది. మంచం మీద పడుకున్న మామయ్య లేచి వచ్చి, రెండు చేతులతో స్టాండు పట్టుకుని గిన్నెలన్నీ గలగలమనేలా ఊపాడు.

"పేల్చిన" అన్నాడు. "ఇగ ఎసరు పెట్టు."