ముడి వదిలిందా?

పక్కింటి నేతాయన రోజూ పిట్టగోడ మీంచి నన్ను అడిగేది ఒకటే: “ఏం ఇంజనీరుగారూ, ముడి వదిలిందా?”

మంగళగిరిలో అద్దెకుండి, విజయవాడలో రోడ్ల సర్వే పనికి వెళ్లే రోజులవి. నడుమూ, తొడల వెనక కండరాలూ ఏడాదిగా బిగుసుకుపోయి, బూటు లేసు కట్టుకోవడమే గండంగా ఉండేది. వంగలేని సర్వేయరును ఎన్నాళ్లు ఉంచుకుంటారు? ఒకరోజు నేతాయన నా నడుం మీద బొటనవేలు జరిపి, పోగులో ముడి తగిలినట్టు ఒకచోట ఆపి, “ఇదీ సంగతి” అన్నాడు. పాత మగ్గం తాలూకు గుండ్రటి కర్రకు తువ్వాలు చుట్టి ఇచ్చాడు. దానిమీద పడుకుని పూటకు ఇరవైసార్లు దొర్లాలి, నొప్పి ఉన్నచోట మూడు ఊపిర్లు ఆగాలి. ఇలా ఇరవై ఒక్క రోజులు.

నాకు మూడు అనుమానాలు. ఇది ఏ పుస్తకంలో ఉంది? ఊరికే ఎందుకిస్తున్నాడు? ఆయన నడుమే వంగిపోయి ఉందేం? అయినా దొర్లాను. వంగినప్పుడు నా వేళ్లకూ నేలకూ మధ్య దూరాన్ని రోజూ స్కేలుతో కొలిచి రాసుకున్నాను. అది తగ్గుతూ వచ్చింది. నేను స్కేలును అనుమానించాను. ఆయనకు మాత్రం “లేదండీ” అనే చెప్పేవాణ్ణి, అవునంటే ఏం అడుగుతాడోనని.

ఇరవై రెండో రోజు కూడా అదే చెప్పాను.

“అయితే ఇచ్చెయ్యండి. రోజూ మగ్గం దిగి నేను దొర్లేది దానిమీదే. మూడు వారాలుగా మగ్గం గుంటలోంచి లేవలేక చస్తన్నా.”

గబుక్కున వంగి, నేలమీదున్న కర్ర తీసి అందించాను. ఆయన వెంటనే అందుకోలేదు. నా మోకాళ్లవంక చూశాడు. నడుం వంగింది గానీ అవి వంగలేదు.

“వదల్లేదంటిరే!” అన్నాడు.