ఎదురుగా ఐదుగురు, పక్కన బావ

మా ఆఫీసు పాయా లేబర్‌లో ఉన్న రోజుల మాట. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న కాలం. ఇండియా నుంచి దిగినవాడికి దిగినట్టే ఉద్యోగం దొరికేది. నాకు దొరికింది, మా ఆయనకి దొరకలేదు. ఆయన నాకు సొంత మేనబావ, అందుకని పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. గుడివాడ వైపు కబడ్డీలో కూతకెళ్తే పట్టుకోలేరని పేరున్న మనిషి, నా వీసా మీద వచ్చి, సెంబవాంగ్ ఫ్లాట్‌లో నేను తిరిగొచ్చేదాకా ఫ్యాను కింద కూర్చునేవాడు.

మా మేనేజరు అమెరికా ఆయన. వాళ్ల దేశపు ఫుట్‌బాల్ కాలేజీలో ఆడాడట, ఆ పిచ్చి వదల్లేదు. ఆఫీసులో ఆడామగా కలిపి ఒక జట్టు కట్టాడు. మీదపడి పడదోసుకోవడాలేం ఉండవు. నడుముకి గుడ్డ పీలికలు వేలాడుతుంటాయి, బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటితే పాయింట్లు, దాటేలోపు బంతి ఉన్నవాళ్ల పీలిక లాగేస్తే పరుగు అక్కడితో ఆగినట్టు. బంతి అందుకుని ఆట నడిపించే పని నాకు అంటగట్టాడు. నేనే ఎందుకయ్యా అంటే, నా గొంతు బిషాన్ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వినిపిస్తుందట. ఒళ్లు మండింది గానీ ఒప్పుకున్నాను. ఒక మనిషి తక్కువైతే బావని లాక్కెళ్లాను.

తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద ఐదు కాఫీ కప్పులు వరసగా పెట్టి మేనేజరు మాకు పాఠం చెప్పాడు. ఎదుటివాళ్లు ముందు వరసలో ఐదుగురిని నిలబెడితే హడలిపోవద్దు, వెనక మనుషులు తగ్గినట్టే కదా అన్నాడు. ఆ వరసలో చివరివాడికి మనవాళ్లెవరూ అడ్డం వెళ్లరు, కావాలనే వదిలేస్తారు. నేను బంతి పట్టుకుని వాడి వైపే పరుగెత్తాలి. బావ కాస్త వెనగ్గా, పక్కగా నాతోపాటే రావాలి. వాడు నా మీదికొస్తే బంతి బావకి విసిరెయ్యాలి. బావ మీదికి పోతే నేనే ఉంచుకుని సందులోంచి దూరిపోవాలి. వాడు ఎటో తేలేదాకా నేను ఎటో తేల్చకూడదు, అంతే కిటుకు.

"ఇదీ ఒక విద్యేనా? ఊళ్లో ఉన్నప్పుడు వంటింట్లో అత్తయ్యతో నేను రోజూ చేసింది ఇదేగా," అన్నాను.

"మా అమ్మ జోలికెళ్లకు," అన్నాడు బావ. అయినా కళ్లు కప్పుల మీదే ఉన్నాయి. "చివరివాణ్ణే చూడాలన్నమాట. కూతలోనూ అంతేనే."

చాలా రోజులకి ఆ మొహంలో కాస్త వెలుగు చూశాను. ఆ హాకర్ సెంటర్‌లో ఖాళీ బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోటు పట్టడం చూస్తే ఆయనకి నవ్వొచ్చేది. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసే మన బుద్ధికి ఇక్కడ చోప్ అని పేరు పెట్టారు అనేవాడు. తను మాత్రం ఎవరికీ చోటు పట్టేవాడు కాదు, బల్ల చివర కూర్చుని తిని లేచిపోయేవాడు.

మొదటి ఆటలో చివరివాడు నా మీదికొచ్చాడు, బంతి బావకి విసిరాను. చక్కగా అందుకున్నాడు. ఎదురొచ్చినవాణ్ణి తప్పించుకుంటూ వాడి భుజం తాకాడు. తాకి, గిర్రున వెనక్కి తిరిగి మా వైపుకి లగెత్తుకొచ్చాడు! కూతకెళ్లి తాకినవాడు గీత దాటి ఇంటికి రావాలి మరి, చిన్నప్పటి నుంచీ కాళ్లకి అదే తెలుసు. మా వెనకాల ఎక్కడో పీలిక లాగేశారు.

"అయ్యో, వై హి రన్ బ్యాక్ లా!" అని మా జట్టు పిల్ల ఒకతి పొట్ట పట్టుకుని నవ్వింది. మైదానమంతా నవ్వింది. బావ నవ్వలేదు.

సెంబవాంగ్‌లో ట్రైన్ దిగాక అన్నాడు, "మీవాళ్ల ముందు నేనొక తమాషా అయిపోయా. నా వల్ల కాదే, నేను మనూరు వెళ్లిపోతా. నువ్వుండు."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అరిచాను, ఏడ్చాను, చివరికి బతిమాలాను. వచ్చే శనివారం ఒక్క ఆట అన్నాను.

"సరే, ఒక్కటే. మళ్లీ నన్ను చూసి నవ్వారో, టికెట్ తీసెయ్," అన్నాడు. అన్నాడంటే చేసే రకం. నేను ఒక్కదాన్నీ ఆ ఫ్లాట్‌లో ఉండటం ఊహించుకుంటేనే భయమేసింది.

ఆ శనివారం ఎదుటి జట్టు నిజంగానే ఐదుగురిని ముందు నిలబెట్టింది. మొదట్లో చివరివాడు బావ మీదికే పోతున్నాడు, నేను సందులోంచి దూరిపోతున్నాను. నాలుగడుగులో పదడుగులో దొరుకుతున్నాయి. బావ చేతికి బంతి రానందుకు, నిజం చెప్పొద్దూ, లోపల సంతోషంగానే ఉంది.

ఆట ఆఖర్లో వాడికి విసుగొచ్చింది కాబోలు, నా మీదికే దూసుకొచ్చాడు. అయిపోయింది, విసరక తప్పదు. విసిరాను. బావ అందుకున్నాడు. ముందు ఒక్కడే అడ్డం. వాడు పీలిక కోసం వంగితే బావ నడుము తిప్పి తప్పించుకున్నాడు. ఆ తిప్పడంలో చెయ్యి వాడి వీపుకి తగిలింది. తగలగానే బావ కాలు ఆగింది, మడమ వెనక్కి తిరిగింది.

"వెనక్కి కాదు బావా! పోతూనే ఉండు!"

పోయాడు. గీత దాటాడు. దాటినా ఆగలేదు! మైదానం దాటి, కాలువ దూకి, కంచె పట్టుకుని ఆగాడు. రెండు జట్లూ పగలబడి నవ్వాయి, మేనేజరైతే గడ్డి మీద కూలబడి నవ్వాడు. అయ్యింది, టికెట్టే, అనుకున్నాను.

కంచె దగ్గర బావ ఇటు తిరిగాడు. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ నవ్వుతున్నాడు.

"పోతూనే ఉండమన్నావుగా!" అని అక్కణ్ణించే అరిచాడు.

ప్రాణం లేచొచ్చింది. అంతమంది ముందూ ఏడుపూ నవ్వూ కలిపి వచ్చేశాయి నాకు. ఆ పాయింట్లు వచ్చినా ఆట మేం ఓడిపోయాం, పాపం మేనేజరు చాలాసేపు బాధపడ్డాడు. నాకు ఆ ఊసే లేదు.

సామాన్లు సర్దుకుని మేమంతా హాకర్ సెంటర్‌కి చేరేసరికి బావ ముందే వెళ్లి ఉన్నాడు. జనం కిటకిటలాడుతున్నారు. కలిపి జరిపిన బల్లల మీద ఒకవైపు ఆయన కర్చీఫ్, ఇంకోవైపు చెమట తువ్వాలు, మూడోవైపు నడుము నుంచి విప్పిన పీలికలు పరిచి ఉన్నాయి. మధ్యలో నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టే చేత్తో పొమ్మంటున్నాడు.

నన్ను చూసి కేకేశాడు. "ఎక్కడున్నావే? మనవాళ్లందరికీ చోటు పట్టా, తొందరగా రమ్మను!"